లెక్కలు చెప్పిన గుర్రం

నలమహారాజు అశ్వహృదయం ఎరిగినవాడని మహాభారతం చెబుతున్నది. మానవుని మనసును కనిపెట్టిన అశ్వం కూడా ఒకటి ఉండేది. దాని పేరు హాన్స్.

జర్మనీలోని బెర్లిన్ నగరంలో ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణితోపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన ఈ గుర్రానికి శిష్యునికి వలెనే ఏళ్ల తరబడి ఓపికతో లెక్కలు నేర్పాడు. మూడూ నాలుగూ కలిపితే ఎంత అని అడిగితే హాన్స్ గిట్టతో నేలను ఏడుసార్లు తట్టి ఆగేది! చూడవచ్చినవారు నవ్వుకొంటూ, విస్తుపోతూ మరలిపోయేవారు. 1904లో ఒక పండితసంఘం పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని ప్రకటించింది.

అయితే గుర్రానికి గణితం వచ్చినట్లేనా? ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు జవాబు తెలియనివారి చేత ప్రశ్నలు అడిగించాడు. హాన్స్ తప్పులు చెప్పింది. అడిగేవారు కనబడకుండా దాని కళ్లకు అడ్డుకట్టినప్పుడు, వారిని చూడాలని అది ఎంతో పెనుగులాడింది. అప్పుడు రహస్యం బయటపడింది. ప్రశ్న అడిగినవారు గిట్టను చూడటానికి కొద్దిగా వంగేవారు. సరియైన సంఖ్య రాగానే వారి తల, వారికే తెలియకుండా, వెంట్రుకవాసి పైకి లేచేది. అది చూసి హాన్స్ ఆగేది. ఈ సంగతి 1907లో గ్రంథరూపంలో వెలువడింది.

ఓస్టెన్ ఈ నిర్ణయాన్ని అంగీకరించక గుర్రాన్ని ప్రదర్శిస్తూనే ఉండి, 1909లో కన్నుమూశాడు. ఆయన కపటి కాడు. తన ఆశకు తానే లోబడినవాడు. నేటి శాస్త్రజ్ఞులు కొన్ని ప్రయోగాలలో సరియైన జవాబును పరీక్షించేవారికి కూడా తెలియనీయరు. హాన్స్‌కు లెక్కలు రాలేదు. కాని మానవునికే తెలియని అతని కదలికను అది చదవగలిగింది. అదీ ఒక విద్యయే కదా!

ప్రశ్న: హాన్స్ రహస్యాన్ని ఫుంగ్‌స్ట్ ఎట్లు కనుగొన్నాడు? వివరించండి.