జెడ్ డ్రైవు ఏమైంది?

నెలాఖరు రోజు. మా అక్క ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూస్తుంది. ఒంట్లో బాగాలేక ఆ రోజు ఇంటి దగ్గరే పనికి కూర్చుంది. సాయంత్రం అయిదు లోగా జీతాల పట్టీ బ్యాంకుకు చేరాలి. చేరకపోతే ఒకటో తారీఖున ఎవరికీ జీతం రాదు. ఆ పట్టీ ఉన్నది జెడ్ డ్రైవులో. తీరా చూస్తే జెడ్ మీద ఎర్రని ఇంటూ గుర్తు!

"వి.పి.ఎన్. కలిసిందనే చూపిస్తోందిరా. మరి డ్రైవు ఏమైనట్టు?" అంది అక్క.

ఇంతకీ జెడ్ డ్రైవు అంటే ఏమిటి? మన కంప్యూటర్లో సి, డి అనే అక్షరాలు డిస్కు భాగాలకు పెట్టుకున్న గుర్తులు. (ఎ, బి లు ఒకప్పటి ఫ్లాపీలవి. అవి పోయినా లెక్క నేటికీ సి నుంచే మొదలవుతుంది!) అక్క కంప్యూటర్లో జెడ్ అనే డిస్కు నిజానికి లేదు. ఆఫీసులో "గోదావరి" అని పేరు పెట్టిన సర్వర్ ఉంది. దానిలోని ఒక ఫోల్డరుకు జెడ్ అనేది ముద్దుపేరు, అంతే.

వి.పి.ఎన్. ఆ ఆఫీసుకు వేసిన సొరంగం లాంటిది. మనం పంపే సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చి, మరో కవరులో పెట్టి ఇంటర్నెట్ మీదుగా పంపుతుంది. ఆఫీసు గుమ్మం దగ్గర కవరు విప్పుతారు.

విండోస్ మొదలుకాగానే జెడ్ కోసం వెతుకుతుంది. అప్పటికి సొరంగం తెరిచి ఉండదు కనుక ఎర్ర గుర్తు పెట్టేస్తుంది. చాలాసార్లు వి.పి.ఎన్. కలిశాక జెడ్‌ను రెండుసార్లు నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. మేమూ నొక్కాం. లాభం లేకపోయింది.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేస్తే ఎప్పటికీ తెమలదు. దారి ఉందా? పేరు తెలిసిందా?

కంప్యూటర్లకు "గోదావరి" అంటే అర్థం కాదు, నంబరు కావాలి. ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే 192.168.1.10 అని చెప్పారు. పింగ్ అనే ఆదేశంతో ఆ నంబరును పలకరించాం. వెంటనే బదులొచ్చింది! దారి బాగానే ఉందన్నమాట. (బదులు రాకపోతే దారి లేదని తీర్మానించకండి. కొన్ని సర్వర్లు పింగ్‌కు పలకకుండా కట్టడి చేసి ఉంటాయి.) తరవాత "గోదావరి" అని పేరుతో పిలిచాం. అలాంటి పేరే దొరకలేదంది.

దొంగ దొరికాడు! పేరు నంబరుగా మారడం లేదు.

ఒకప్పుడు అమెరికాలో అర్పానెట్ ఉన్న రోజుల్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ, నంబర్లూ ఒకే పట్టికలో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో దాన్ని రాసి ఉంచితే అందరూ నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి అది సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ కొత్త పద్ధతి రూపొందించాడు. అదే డి.ఎన్.ఎస్. ఎవరి పేర్లు వాళ్ళ సర్వరే చూసుకుంటుంది. తెలియని వాళ్ళు అడిగి తెలుసుకుంటారు.

మరి అక్క కంప్యూటర్ ఎవరిని అడిగింది? ఎన్.ఎస్. లుకప్ అనే ఆదేశం ఇచ్చి చూశాం. ఇంటి ఇంటర్నెట్ కంపెనీ వారి సర్వర్‌ను అడుగుతోంది! ఆఫీసు గదిలోని గోదావరి సంగతి వాళ్ళకేం తెలుసు? ఆఫీసులో ఉన్నప్పుడైతే "గోదావరి ఎవరమ్మా?" అని గది నిండా కేక వేసి కూడా కనుక్కోవచ్చు. అలాంటి కేకలు మామూలుగా సొరంగం దాటవు.

ఆఫీసువారు వి.పి.ఎన్. అమరికలో తమ డి.ఎన్.ఎస్. సర్వర్ నంబరును చేర్చారు. అక్క విడగొట్టి మళ్ళీ కలిపింది. అయినా ఎర్ర గుర్తే! కంప్యూటర్ ఇందాకటి "లేదు" అనే జవాబును కొంతసేపు గుర్తుంచుకుంటుంది. ఐపికాన్ఫిగ్ ఆదేశానికి ఫ్లష్‌డిఎన్ఎస్ అని చేర్చి ఆ జ్ఞాపకాన్ని తుడిచేశాం. జెడ్ తెరుచుకుంది. టైము నాలుగుంబావు. జీతాలు గట్టెక్కాయి.

హోస్ట్స్ అనే ఫైలులో పేరూ నంబరూ మనమే రాసుకోవచ్చు కదా అంటారేమో. రాయవచ్చు. కానీ రేపు సర్వర్ నంబరు మారితే ఆ రాత మనల్ని పాత ఇంటికే పంపుతుంది.

మరుసటి నెల అక్క పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. మళ్ళీ ఎర్ర గుర్తు! ఈసారి పేరు చక్కగా నంబరుగా మారింది, నంబరే పలకలేదు. కారణం విచిత్రమైనది. ఇళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ వాడే ఈ నంబర్లు డోరు నంబర్ల వంటివి. 3-45 ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉండొచ్చు. పిన్ని వాళ్ళ రౌటర్ కూడా 192.168.1 తో మొదలయ్యే నంబర్లే పంచుతోంది! దాంతో కంప్యూటర్ 192.168.1.10 అంటే పక్క గదే అనుకుని, సొరంగం వైపు చూడకుండా ఇంట్లోనే వెతికింది. రౌటర్ అమరికలో 192.168.57 అని మార్చాం. జెడ్ వచ్చేసింది. పిన్ని ప్రింటరుకు మాత్రం కొత్త నంబరు మళ్ళీ నేర్పాల్సి వచ్చింది.