వాలు నేలపై పెద్దవాళ్ల పని: నడుము, మోకాలు కాపాడుకునే పద్ధతులు



మైలవరం మెరక ప్రాంతం. డెల్టాలో మాదిరి కాలువగట్టు మీద గడ్డి కోసుకునే వీలు ఇక్కడ తక్కువ. కొండపల్లి నుంచి ఇటు సాగిన కొండల వాలులోను, మామిడి తోటల మెరకల్లోను గడ్డి కోసి మోసుకు రావాలి. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన ఇళ్లలో ఈ పని అరవై దాటినవారి మీదనే పడుతున్నది. ఒక్కసారి కాలు జారి తుంటి ఎముక విరిగితే మంచం పట్టేది మనిషి ఒక్కరే కాదు, గేదెను కూడా అమ్ముకోవలసి వస్తుంది. కనుక ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవవలసిందిగా కోరుతున్నాము.

నడుముకు భారం ఎందుకు?

కాటాలో ఒక కొయ్య పొడుగు, ఒక కొయ్య పొట్టి అయితే ఏమవుతుందో మనకు తెలుసు. వంగి చేతులు చాచి బరువెత్తితే ఆ బరువు వెన్నుకు మూరెడు దూరాన ఉంటుంది. దానిని ఆపవలసిన నడుము కండరాలు వెన్నుకు రెండంగుళాల దూరంలోనే ఉంటాయి. అందుచేత పది కిలోల బకెట్టుకు అవి ఎనిమిది తొమ్మిదింతల బలంతో లాగవలసి వస్తుంది. అదే బకెట్టును పొట్టకు ఆనించి ఎత్తితే భారం చాలా తగ్గుతుంది.

అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే ఒకరు ఎత్తదగిన బరువు 23 కిలోలు. వాలు నేల, పెద్ద వయసు అనుకూలాలు కావు. మీ మోపును ఒకసారి కాటా మీద పెట్టి చూసుకోండి. నలభై లీటర్ల పాల క్యానులో పాలే సుమారు 41 కిలోలు. దానిని ఎప్పుడూ ఇద్దరు పట్టాలి.

కోసేటప్పుడు

1. వాలుకు ఎదురుగా, మెరక వైపు ముఖం పెట్టి నిలబడాలి. ముందున్న నేల ఎత్తుగా ఉంటుంది కనుక నడుము తక్కువ వంగుతుంది. పల్లం వైపు తిరిగి వంగితే నడుముకూ కష్టం, తూలి ముందుకు పడే భయమూ ఉంది.

2. పని మొదలుపెట్టే ముందు పారతో కాలు ఆనేంత చదును చేసుకోవాలి. పాదాలు ఎడంగా, ఒకటి కాస్త ముందుకు ఉండాలి.

3. నడుము తిప్పి గడ్డి పక్కకు వేయరాదు. పాదాలు కదిపి మొత్తంగా తిరగాలి.

4. ఒకరు పైన పని చేస్తుండగా మరొకరు సరిగ్గా కింద ఉండరాదు. రాళ్లు దొర్లుతాయి.

5. పావుగంటకొకసారి నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించి, కొంచెం వెనక్కు వంగాలి. రక్తపోటు మాత్రలు వాడేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. నెమ్మదిగా లేవాలి.

మోసేటప్పుడు, దిగేటప్పుడు

ఎక్కడం కష్టం, దిగడం తేలిక అని అనుకుంటాం. ఎక్కడంలో ఆయాసం ఎక్కువ, దిగడంలో మోకాలి మీద భారం ఎక్కువ. పైగా జారేది దిగేటప్పుడే.

ఒక పెద్ద మోపుకు బదులు రెండు చిన్న మోపులు కట్టండి. మోపును నేలమీద నుంచి కాక, నడుమెత్తు గట్టు మీదనో బండ మీదనో పెట్టి అక్కడి నుంచి ఎత్తుకోవాలి. తలమీది మోపు కిందికి వేలాడి దారిని కప్పరాదు. నిట్టనిలువున దిగక, అడ్డంగా మలుపులు తిరుగుతూ చిన్న అడుగులతో దిగాలి. ముందు ఊతకర్ర, తరువాత కాలు. జారుతున్నట్లు అనిపిస్తే మోపును వదిలేయాలి. గడ్డి మళ్లీ కోసుకోవచ్చు. వాన పడిన రోజున, మంచు ఆరని వేళ వాలు మీదికి పోవద్దు. ఆ రోజులకు వరిగడ్డి నిల్వ ఉంచుకోవాలి.

వాలు ఎక్కే పనే తగ్గించాలి

పాక కడిగిన నీరు పారే చోట నేపియర్ గడ్డి కణుపులు నాటుకుంటే కొండకు వెళ్లే రోజులు తగ్గుతాయి. నలుగురు నడిచే దారిలో మెట్లు చెక్కుకోవడం సంఘంగా చేసుకోదగిన పని. మరొక మాట: పాలన్నీ కేంద్రానికి పోయకుండా పెద్దవాళ్లకు రోజూ ఒక గ్లాసు ఉంచండి. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు త్వరగా గుల్లబారుతాయి.

నడుము నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి పట్టినా, కాలు పట్టు తప్పినా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం మీద అదుపు పోతే ఒక్క పూట కూడా ఆగరాదు. పడినవారు తుంటి నొప్పితో లేవలేకపోతే బలవంతాన నిలబెట్టక 108కి ఫోను చేయండి.

కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.