ఒంటికి పడకపోతే...



మన మోత్కూర్ ఆడోళ్ళం చేన్లకు పోతాం. తాటిచెట్ల కింద నడుస్తాం. తేనెటీగ కుడుతుంది, కందిరీగ కుడుతుంది. చాలామందికి కాసేపు మంట, వాపు. అంతే. కానీ కొందరి ఒంటికి ఆ విషం అసలు పడదు. కొందరికి పెన్సిలిన్ సూది పడదు. కొందరికి పల్లీలు, గుడ్డు పడవు. దీన్నే అలర్జీ అంటారు. అది ముదిరితే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తులు:
ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు, నాలుక ఉబ్బుతాయి. గొంతు బొంగురుపోతుంది. ఊపిరి ఆడదు. కళ్ళు తిరుగుతాయి. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే మనిషి కూలబడుతుంది.

అప్పుడు ఏం చెయ్యాలె?
1. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. 2005లో మొదలైన ఈ బండికి పైసలు ఇవ్వనక్కర లేదు.
2. వెల్లకిల పడుకోబెట్టి, కాళ్ళ కింద మూట పెట్టండి. ఆయాసముంటే కూచోబెట్టండి. గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఎవరినీ నడిపించవద్దు.
3. తేనెటీగ ముల్లు కనబడితే గోటితో గీకి తీసెయ్యండి.
4. నోట్లో ఏమీ పోయవద్దు.

సున్నం రాద్దాం, మంత్రం వేయిద్దాం అని ఆగవద్దు. గోలీతో దద్దుర్లు తగ్గవచ్చు, ప్రాణం దక్కదు. ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ సూది. దాన్ని తొడ కండకు వేస్తారు. ఊపిరి దారి తెరుచుకుంటుంది. తగ్గిందని వెంటనే ఇంటికి రావద్దు. కొన్ని గంటలకు మళ్ళీ రావచ్చు.

ఏది పడలేదో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా! సూది వేయించుకునే ముందు డాక్టరుకు ఆ కాగితం చూపండి.

ఆలోచించి రాయండి: మీ ఇంట్లో ఎవరికి ఏది పడదు?