బడి ఆటస్థలానికి కంచె: చట్టం ఏం చెబుతోంది?

ప్రశ్న: మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాల రోడ్డు పక్కనే ఉంది. ఆటస్థలానికి ప్రహరీ లేదు. బంతి కోసం పిల్లలు రోడ్డెక్కుతున్నారని కొందరు తల్లులం గోడ అడుగుతున్నాం. గోడ కడితే సాయంత్రం ఊరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారని, ఆ డబ్బుతో తరగతి గదులు బాగుచేయించాలని మిగతావాళ్లు అంటున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: అసలు రక్షణ కావాలా వద్దా అన్నది మీ పాఠశాల యాజమాన్య కమిటీ తేల్చాల్సిన విషయం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం దాన్ని ఎప్పుడో తేల్చింది. ఆ చట్టం చివర ఉన్న షెడ్యూలు ప్రతి పాఠశాలకూ ఉండాల్సినవి చెబుతుంది: టీచరుకో తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం. ప్రహరీ గోడ గానీ కంచె గానీ వేసి పాఠశాల భవనానికి రక్షణ కల్పించాలనీ అందులోనే ఉంది. కాబట్టి గదులా, గోడా అని తల్లిదండ్రులు తగవు పడక్కర్లేదు. రెండూ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

షెడ్యూలులో ఉన్నది ‘భవనం’ అనే మాట, ఆటస్థలం ప్రస్తావన విడిగా ఉంది కదా అని ఎవరైనా అధికారి అనవచ్చు. ఒకే ఆవరణలో ఉన్న భవనం చుట్టూ కంచె వేసి, పిల్లలు పరుగెత్తే చోటును రోడ్డుకు వదిలేస్తే ఆ రక్షణ ఎవరికి? నా ఉద్దేశంలో ఆ వాదన నిలవదు. 2004లో తమిళనాడులోని కుంభకోణం బడిలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత దాఖలైన అవినాశ్ మెహరోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని స్పష్టం చేసింది. అది ప్రధానంగా అగ్నిప్రమాదాల గురించిన తీర్పే అయినా, సూత్రం మీ బడికీ వర్తిస్తుంది.

ఇక సాయంత్రం ఆటల సంగతి. గోడ వద్దనేవాళ్ల బెంగ న్యాయమైనదే. చాలా ఊళ్లలో పిల్లలకు బడి మైదానం తప్ప వేరే చోటు లేదు. అయితే రక్షణ కల్పించమన్న చట్టం, బడి వదిలాక గేటుకు తాళం వేయమని ఎక్కడా అనలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఎన్ని గంటల దాకా తెరిచి ఉంచాలి అన్నవి తీర్మానంలో రాసుకోండి. మీ కమిటీ వాదించుకోవాల్సింది వీటి మీదే. ముళ్లతీగ మాత్రం వద్దనండి, ఆడుకునే పిల్లల ఒళ్లు చీరేస్తుంది. పెద్ద గేటు రోడ్డు మీదికి కాకుండా పక్క వీధిలోకి తెరుచుకునేలా చూడండి. ప్రమాదం జరిగితే పిల్లలు బయటపడటానికి రెండో దారి తప్పకుండా ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు అడ్డులేని దారి ఉండాలన్నదీ అదే షెడ్యూలులోని నిబంధనే.

డబ్బు ఎలా వస్తుంది? సెక్షన్ 21 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే నిధుల మంజూరుకు ఆధారమని సెక్షన్ 22 చెబుతోంది. ప్రహరీ అవసరాన్ని అందులో రాయించండి. నోటిమాటగా అడిగితే అది ఏ ఫైలులోనూ కనపడదు. గతంలో ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ‘నాడు-నేడు’, తెలంగాణలో నడిచిన ‘మన ఊరు-మన బడి’ పథకాల పనుల జాబితాల్లో ప్రహరీ గోడలు ఉండేవి. మీ బడి పేరు వాటిలో ఎక్కిందా, పని ఎందుకు ఆగింది అని సమాచార హక్కు దరఖాస్తుతో అడగవచ్చు.

అయినా పని కదలకపోతే సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. ఇరుపక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి సెక్షన్ 21 కమిటీ ఉండదు గానీ, షెడ్యూలు ప్రమాణాలు వర్తిస్తాయి. వాటిని పాటించకుండా గుర్తింపు పొందే వీల్లేదు.

హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే లాయరు ఫీజు గురించి వెనుకాడకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. మండల లేదా జిల్లా న్యాయసేవా సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.