నాలుగు తిరస్కారాలు – ఒక దూరదర్శిని



వేసవి రాత్రుల్లో డాబా మీద పక్కలు వేసుకొని పడుకున్నప్పుడు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆ చుక్కల దగ్గర కూడా మన భూమి లాంటి భూములు ఉన్నాయా?" అని. చాలామంది పెద్దలం "ఏమో, పడుకో" అని ఊరుకుంటాం. ఈ ప్రశ్నను ముప్పై ఏళ్లపాటు విడిచిపెట్టని ఒక శాస్త్రవేత్త జీవితాన్ని ఈ వారం పాఠంగా తీసుకుందాం. ఆయన పేరు విలియం బొరుకీ.

బొరుకీ 1939లో అమెరికాలోని చికాగోలో జన్మించారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, 1962లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధనా కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. మొదట ఆయనకు అప్పగించిన పని గ్రహాలను వెదకడం కాదు. చంద్రుని మీదికి వెళ్లి వచ్చే అపోలో నౌక భూవాతావరణంలో ప్రవేశించేటప్పుడు కాలిపోకుండా కాపాడే ఉష్ణకవచం గురించిన పరిశోధన అది. తరువాత గ్రహాల వాతావరణంలో మెరుపుల గురించి అధ్యయనం చేశారు. వెలుగును అతి సూక్ష్మంగా కొలిచే విద్య ఆయనకు ఈ పనులలోనే అలవడింది. నేర్చిన విద్య ఏదీ వృథా పోదని పెద్దలు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

నీడను పట్టుకునే పద్ధతి

దూరపు నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మన కంటికి కనబడదు. నక్షత్రపు వెలుగు ముందు అది మరుగునపడిపోతుంది. అయితే ఆ గ్రహం తన నక్షత్రానికీ మనకూ నడుమగా సాగినప్పుడు నక్షత్రపు వెలుగు రవంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిస్తే గ్రహం ఉన్నదని, అది ఎంత పెద్దదని తెలుసుకోవచ్చు. ఇది బొరుకీ సొంతంగా కనిపెట్టిన ఆలోచన కాదు. అయితే భూమి అంత చిన్న గ్రహాన్ని సైతం ఈ విధంగా పట్టుకోవచ్చునని ఆయన నమ్మారు. 1984లో ఒక సహచరునితో కలిసి దీనిపై వ్యాసం ప్రచురించారు. అప్పటికి సూర్యుని వంటి మరో నక్షత్రం చుట్టూ ఒక్క గ్రహమైనా ఉన్నట్లు ఎవరూ కనుగొనలేదు.

ఇందులోని కష్టం ఎంతటిదో చూడండి. భూమి వంటి గ్రహం సూర్యుని వంటి నక్షత్రం ముందుగా సాగితే తగ్గే వెలుగు సుమారు పన్నెండు వేల పాళ్లలో ఒక పాలు. పన్నెండు వేల బియ్యపు గింజల కుప్పలోంచి ఒక్క గింజ తీసివేస్తే, కుప్పను చూసి ఆ సంగతి చెప్పగలగాలన్నమాట! పైగా ఆ నీడ ఏడాదికి ఒకసారి, కొన్ని గంటలపాటే పడుతుంది. గ్రహం సరిగ్గా మన చూపుకు అడ్డంగా తిరిగే అవకాశం సుమారు రెండు వందల నక్షత్రాలలో ఒకదానికి మాత్రమే. కనుక వేలాది నక్షత్రాలను ఒకేసారి, ఏళ్ల తరబడి, రెప్ప వేయకుండా చూడాలి. వాతావరణం అడ్డురాని అంతరిక్షం నుండే అది సాధ్యం.

కాదన్నారు, ఎందుకన్నారు?

1992లో బొరుకీ బృందం ఈ పథకాన్ని మొదటిసారి నాసా ముందు ఉంచింది. ఇంత సూక్ష్మంగా వెలుగును కొలిచే పరికరాలు ఉన్నాయా అని సందేహించి కాదన్నారు. 1994లో మళ్లీ ఇచ్చారు. ఖర్చు కేటాయింపును మించిపోతుందని కాదన్నారు. 1996లో దూరదర్శిని తిరిగే మార్గాన్ని మార్చి, ఖర్చు తగ్గించి మూడోసారి ఇచ్చారు. వేలాది నక్షత్రాలను ఒకేసారి యంత్రం తనంతట తాను కొలవగలదని ఎవరు చేసి చూపారు అని అడిగారు. 1998లో నాలుగోసారి ఇచ్చారు. నౌకలో కుదుపులు, ఇతర అవాంతరాలు ఉన్నప్పుడు కూడా మొత్తం ఏర్పాటు పనిచేస్తుందని రుజువేదీ అన్నారు.

నాలుగుసార్లు కాదనిపించుకున్న మనిషి ఏం చేస్తాడు? కోపగించుకోవచ్చు. నాకు న్యాయం జరగలేదని వాపోవచ్చు. పని వదిలివేయవచ్చు. బొరుకీ, ఆయన సహచరుడు డేవిడ్ కోచ్ మరో దారి తొక్కారు. కాదన్న ప్రతిసారీ ఇచ్చిన కారణాన్ని తాము తరువాత చేయవలసిన పనిగా తీసుకున్నారు. వేలాది నక్షత్రాలను ఒకేసారి కొలవగలరా అని అడిగినందుకు కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో వల్కన్ అనే చిన్న దూరదర్శినిని నెలకొల్పి కొలిచి చూపారు. కుదుపుల మాట ఎత్తినందుకు ప్రయోగశాలలోనే కృత్రిమ నక్షత్రాలను అమర్చి, కావాలని అవాంతరాలు కల్పించి, భూమి వంటి గ్రహపు నీడను అప్పటికీ గుర్తించవచ్చునని నిరూపించారు.

ఈలోగా లోకం కూడా ముందుకు నడిచింది. 1995లో స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు మిషెల్ మాయోర్, దిదియే కెలో సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని ప్రకటించారు. 1999లో ఒక పెద్ద గ్రహం తన నక్షత్రం ముందుగా సాగడం మొదటిసారి కంటబడింది. 2000లో బొరుకీ బృందం ఐదోసారి దరఖాస్తు చేసింది. 2001 డిసెంబరులో నాసా అవునన్నది. తొలి దరఖాస్తు నాడు ఆయన వయస్సు 53. అనుమతి వచ్చేనాటికి 62. 2009 మార్చి 6 రాత్రి ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్ నుండి దూరదర్శిని ఆకాశంలోకి లేచేనాటికి 70.

కెప్లర్ చూసినది

ఆ దూరదర్శినికి 1996 దరఖాస్తు నాడే కెప్లర్ అని పేరు మార్చారు. గ్రహం ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలాన్ని బట్టి అది నక్షత్రానికి ఎంత దూరంలో ఉన్నదో లెక్కకట్టే సూత్రాన్ని 1619లో ప్రకటించినవారు జర్మనీ దేశపు యొహానెస్ కెప్లర్. ఆ దూరం తెలిస్తేనే అక్కడ నీరు గడ్డకట్టకుండా, ఆవిరైపోకుండా ద్రవంగా నిలువగలదా అని అంచనా వేయగలం. అలా నిలువగల ప్రాంతాన్నే శాస్త్రవేత్తలు నివాసయోగ్య మండలం అంటారు.

మనవాళ్లు అభిజిత్తు అని పిలిచే చుక్కకు దగ్గరగా, హంస, వీణ నక్షత్రమండలాల వైపున్న లక్షన్నరకు పైగా నక్షత్రాలను కెప్లర్ నాలుగేళ్లపాటు చూసింది. 2012లో ఒకటి, 2013లో మరొకటి దానిని గురి తప్పకుండా నిలిపే చక్రాలు చెడిపోయాయి. ఇక ముగిసిందనుకున్నారు. ఇంజనీర్లు సూర్యకాంతి కలిగించే ఒత్తిడినే ఆసరాగా వాడుకొని దానిని నిలబెట్టి, 2014 నుండి మరో విధంగా పని చేయించారు. ఇంధనం అయిపోయి 2018 అక్టోబరు 30న దాని పని ముగిసింది. కెప్లర్ సేకరించిన వివరాల నుండి 2,600కు పైగా గ్రహాలు నిర్ధారణ అయ్యాయి. 2014లో ప్రకటించిన కెప్లర్-186ఎఫ్ వాటిలో ఒకటి. అది భూమి కంటె రవంత పెద్దది. 130 రోజులకు ఒకసారి తన నక్షత్రాన్ని చుట్టివస్తుంది. భూమి అంత పరిమాణంతో, మరొక నక్షత్రపు నివాసయోగ్య మండలంలో కనబడిన తొలి గ్రహం అదే. బొరుకీ 2015లో పదవీ విరమణ చేశారు.

ఒక జాగ్రత్త. నివాసయోగ్యం అంటే నివాసం ఉన్నదని కాదు. ఊరి చివర నీటి వసతి గల స్థలం ఉన్నదంటే అక్కడ ఇల్లు ఉన్నట్లు కాదు గదా! కెప్లర్-186ఎఫ్ మీద గాలి ఉందో లేదో, నీరు ఉందో లేదో ఇంతవరకు తెలియదు. "వేరే లోకంలో మనుషులు" అని ఎవరైనా చెబితే పిల్లలకు ఈ తేడా విడమరచి చెప్పండి. ఈ అన్వేషణ విశ్వాసికి తగదేమో అని జంకేవారూ ఉంటారు. 2009 నవంబరులో వాటికన్‌లోని పొంతిఫికల్ విజ్ఞానశాస్త్ర అకాడమీయే విశ్వంలో జీవం గురించి శాస్త్రజ్ఞులను పిలిపించి సదస్సు జరిపిందని వారికి చెప్పవచ్చు.

మన ఇంటికి పాఠం

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజు ఎన్ని ఇళ్లలో తలుపులు మూసుకుంటాయో మనకు తెలుసు. ఫలానావారి పిల్లవాడు ప్యాసయ్యాడు, నువ్వెందుకు తప్పావు అని అడుగుతాం. ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర తడబడ్డావు అని అడిగేవారు తక్కువ. మొదటి ప్రశ్న పిల్లవాణ్ణి కుంగదీస్తుంది. రెండో ప్రశ్న వాడి చేతికి పని ఇస్తుంది.

నాలుగుసార్లు కాదన్నవారు ఐదోసారి తప్పక అవునంటారని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్ని తిరస్కారాలు అన్యాయమైనవీ ఉంటాయి. అయినా కాదన్న మాట వెనుక ఒక కారణం ఉంటే, దానిని విని, దానికి జవాబుగా పని చేసినవాడు ముందున్న చోటనే నిలిచిపోడు. ఐదోసారి వెళ్లిన బొరుకీ 1992 నాటి బొరుకీ కాడు. ప్రతి ప్రశ్నకూ చేసి చూపిన జవాబు ఆయన చేతిలో ఉంది.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి:

1. గ్రహం కంటికి కనబడకపోయినా అది ఉన్నదని ఎలా తెలుసుకుంటారు?
2. నివాసయోగ్యం, నివాసం ఉన్నది – ఈ రెండింటికీ తేడా ఏమిటి?
3. ఈమధ్య మన కుటుంబంలో ఎవరికైనా "కాదు" అన్న జవాబు వచ్చిందా? దాని వెనుక కారణం ఏమిటో అడిగామా? దానికి ఇప్పుడు మనం చేయగల పని ఏమిటి?