ఓనరమ్మకు ఇచ్చే బిల్లు

రాజమహేంద్రవరం

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన బిల్లు ఫొటో పెద్దది చేసుకుని చూశాను. 46 గంటలు, గంటకు 600 చొప్పున 27,600. సామాన్లు 4,180. డ్రిల్లింగ్ మిషను 3,200. వెరసి 34,980. నీ అద్దె 16,000 కాబట్టి రెండు నెలలు కట్టకుండా చెల్లు వేసేద్దామనుకుంటున్నావు. ఈ నెలది ఇప్పటికే ఆపి ఉంటే ముందు అది కట్టెయ్యి. మిగతాది తర్వాత చదువు.

నీ పనిని తక్కువ చేయడం లేదురా. తుప్పు పట్టిన జీఐ పైపు బాత్రూమ్ గోడలోంచి తీసి సీపీవీసీ వేశావు, ఖాళీ అయిన పక్క పోర్షనులో రెండు గదులకు రంగు కొట్టావు. మా అక్కయ్య కొడుకు తాపీ పట్టుకున్నాడంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ఓనరమ్మ ఫోనులో అన్నది "కాస్త నువ్వే చూడు బాబూ" అని. ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. పని మొదలుపెట్టకముందు ఆ ఒక్క మాట అడగడానికి మొహమాటపడ్డావు. ఇప్పుడు 35 వేల కాగితం పంపడానికి మొహమాటం లేదా?

ఇక ఆ 46 గంటల సంగతి. అవి నీకు పట్టిన గంటలు, పనికి పట్టేవి కావు. ఎల్బోకి రాసిన సొల్యూషను ఆరకముందే నీళ్లు వదిలేశాననీ, మళ్లీ కోసి అతకడానికి ఇంకో ఆదివారం పోయిందనీ నువ్వే నవ్వుతూ చెప్పావు. ఆ ఆదివారం ఆవిడ లెక్కలో పడకూడదు, అది నీ చదువు ఫీజు. గంటకు 600 అన్నది ఆఫీసు జీతాన్ని భాగించి తీసిన అంకె కదూ? గోడ తవ్వడానికి ఆ రేటేమిటి? మీ వీధిలో ఇద్దరు ప్లంబర్లకు ఆ బాత్రూమ్ చూపించి, సామాను కాక కూలి ఎంత అవుతుందో అడుగు. తక్కువ చెప్పినవాడి మాటే నీ పై హద్దు. నువ్వు వాడుకునే బాత్రూమే కాబట్టి అందులో ఇంకో నాలుగో వంతు తగ్గించమని నా సలహా. ఇష్టం లేకపోతే మానెయ్యి.

పక్క పోర్షను రంగు మాత్రం అలా తగ్గించకు. దానివల్ల నీకు ఒరిగిందేమీ లేదు. పెయింటరుకు ఇచ్చేదెంతో నీకూ అంతే రావాలి. కాకపోతే అది కొలత మీద వెయ్యి. 10 అడుగులకు 12 గది, ఎత్తు 10 అన్నావు. గోడలు 440, సీలింగు 120, తలుపూ కిటికీలూ తీసేస్తే 500 చదరపు అడుగులు. రెండు గదులూ వెయ్యి. లప్పం పెట్టి కొట్టావా, పాత గోడ మీదే రెండు కోట్లు వేశావా అన్నదాన్నిబట్టి అడుగుకింత అని పెయింటర్లు చెబుతారు. నువ్వెన్ని రోజులు నిచ్చెనెక్కావన్నది అక్కడ లెక్కలోకి రాదు.

డ్రిల్లింగ్ మిషను బిల్లులోంచి కొట్టెయ్యి. ఇల్లు మారినప్పుడు నీతో తీసుకుపోయేదే కదా. మిగిలిన రంగు డబ్బా మాత్రం ఆవిడది, మూత బిగించి అక్కడే పెట్టు.

ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్లూ మాకు కొలతలు రాసే ఎం-బుక్కే భగవద్గీత. అందులో కొలత ఎక్కనిదానికి బిల్లు లేదు. మట్టి కప్పేసే పని, గోడలో పూడిపోయే పని అయితే కప్పకముందే కొలవాలి. సిమెంటు పూశాక లోపల మూడడుగులు వేశావో పదడుగులు వేశావో ఎవరు చూడొచ్చారు? పూడ్చకముందు ఫొటో తీశావా? ఉంటే బిల్లుకు జత చెయ్యి. లేకపోతే షాపు రశీదులో ఉన్న పైపు పొడవే నీ సాక్షి.

మనవాళ్లకు తెలియక కాదు, చెప్పుకోరు గానీ, చట్టంలోనూ ఈ సంగతి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే అద్దెదారే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ముందు నోటీసు, తర్వాత గడువు, ఆ తర్వాతే మినహాయింపు. పైగా చేయించాల్సిన బాధ్యత ఓనరుకు ఉండాలి. అందుకే నీ 11 నెలల అగ్రిమెంటు తీసి మరమ్మతుల గురించి ఏం రాశారో చూడు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో పనులను పంచి చూపించారు. సున్నం, రంగులు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, గడియలు అద్దెదారు వంతు. ఓనరు చేయించనప్పుడు అద్దెదారు చేయించుకున్నా, ఒక నెలలో సగం అద్దెకు మించి మినహాయించకూడదట. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. అయినా కొలబద్దగా పనికొస్తుంది. దాని ప్రకారం నీ సామాన్ల చీటీలో ఉన్న రెండు స్విచ్చులూ, వంటింటి కుళాయీ నీవే.

నా సంగతీ ఒకటి చెబుతాను. 1984లో 250 రూపాయల అద్దెకు పెంకుటింట్లో ఉండేవాళ్లం. వానాకాలం ముందు ఓనరుకు చెప్పకుండా, పగిలిన పెంకులన్నీ నా డబ్బుతో మార్పించాను. చీటీ చూపిస్తే ఆయన "మిమ్మల్ని ఎవరు చేయించమన్నారండీ?" అన్నాడు. సగమే ఇచ్చాడు. ఆర్నెల్లు తిరక్కుండా, ఇల్లు బాగుపడింది కదా అని అద్దె 25 పెంచాడు! మీ అత్త ఇప్పటికీ వాన పడితే ఆ పెంకుల మాటే ఎత్తుతుంది.

కొత్త బిల్లు రాసి, ముందు ఫోను చేసి "అమ్మగారూ, ఇంత అయింది, మీకు ఒప్పుబడేనా" అని అడిగి అప్పుడు పంపు. ఆవిడ బేరమాడితే ఆడనీ. అద్దె పూర్తిగా బ్యాంకులో వెయ్యి, పని డబ్బు విడిగా తీసుకో. హెచ్చార్ఏకి రశీదులు పెట్టేవాడివైతే కోత పడిన అద్దెతో ఆఫీసులో చిక్కు. అదీకాక, ఒకసారి అద్దెలో కోసుకోవడం అలవాటైతే మోటారు ఆగినా ట్యాంకు పొంగినా అర్ధరాత్రి నిన్నే లేపుతారు. కూలి తీసుకున్నాక ఆ అతుకు మళ్లీ కారితే మాత్రం ఊరికే బాగుచెయ్యాలి. మా కాంట్రాక్టర్ల డిపాజిట్టు కొన్నాళ్లు పట్టి ఉంచేది అందుకే. మీటరు బోర్డు జోలికి మటుకు వెళ్లకు, ఆవిడ ఎంత బతిమాలినా సరే.

అక్కయ్యకు మోకాళ్ల నూనె కొరియరులో పంపాను, అందిందో లేదో చెప్పు. ఓనరమ్మ ఏమందో కూడా.

మీ మామయ్య