రోజుకో ప్రశ్న, రాత్రికో పేజీ

ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కు విదేశం వెళ్తున్న పిల్లలు నన్ను అడిగేవన్నీ సామాను సంగతులే. కుక్కర్ ఎన్ని లీటర్లది తీసుకుపోవాలి, మామిడికాయ తొక్కు విమానంలో పోనిస్తరా, జాకెట్ కరీంనగర్‌లో కొనాలా అక్కడికి పోయాక కొనాలా. సూట్‌కేసు తూకం మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా అక్కడి మనుషులతో ఎట్లా మాట్లాడాలన్న దాని మీద పెట్టరు. నాకు కోపం వస్తుంది. కుక్కర్ లేక కుంగిపోయినవాళ్లను నేను చూడలేదు. మాట్లాడే మనిషి లేక కుంగిపోయినవాళ్లను చూశాను. నేనూ కుంగిపోయాను.

జగిత్యాల నుంచి వెళ్లి ఒక చలికాలం సెమిస్టర్ జర్మనీలోని చెమ్నిట్జ్‌లో చదివాను. అక్కడ అక్టోబరు చివరి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. దాంతో మనకూ వాళ్లకూ మూడున్నర గంటలున్న తేడా నాలుగున్నర అవుతుంది. క్లాసులయ్యి గదికి చేరేసరికి ఇంట్లో పడుకునే వేళ. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలుండవు. "తిన్నవా బిడ్డా, మంచిగున్నవా" అని అమ్మ అడిగితే "మంచిగున్న" అని ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నీకూ ఇట్లాగే అనిపిస్తే నువ్వు బలహీనుడివని అనుకోకు. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లొచ్చిన నార్వే వాళ్లను రెండు వందల మందికి పైగా విచారించి లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో ఒక వ్యాసం రాశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లు బాగానే కుదురుకున్నారట. ఆ మధ్యకాలం ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారట. ఇది అందరికీ వర్తించదనీ, చాలామందికి మొదటి రోజులే కష్టమనీ తర్వాతి పరిశోధకులు అన్నారు. నా అనుభవం కూడా అదే. ఏదైనా, సెమిస్టర్ అంటే అయిదారు నెలలు. మనసు దానంతటదే కుదురుకుంటుందిలే అని కూర్చుంటే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది.

నన్ను నిలబెట్టింది ఒకే ఒక్క అలవాటు. రోజుకో ప్రశ్న అడగడం, రాత్రి దాన్ని తెలుగులో రాసుకోవడం.

మొదలైంది చెత్త దగ్గర. మేముండే బిల్డింగు వెనక నాలుగు రంగుల డబ్బాలుండేవి: కాగితానికి నీలం, ప్యాకింగుకు పసుపు, కూరగాయల తొక్కలకు గోధుమరంగు, మిగతావాటికి నలుపు. చేతిలో ఖాళీ పెరుగు డబ్బా పట్టుకొని నిలబడ్డాను. కింది అంతస్తు పెద్దావిడ అటుగా వచ్చింది. వచ్చీరాని జర్మన్‌లో "ఇది ఎందులో?" అని అడిగాను. ఆమె డబ్బా తీసుకుంది. అంచుకు అతుక్కుని వేలాడుతున్న రేకు మూతను గోటితో పట్టి పూర్తిగా ఊడదీసింది. మూత వేరే, డబ్బా వేరే అని రెండూ నాకు చూపించి, రెండింటినీ పసుపు దాంట్లోనే విడివిడిగా వేసింది. మీ దేశంలో పెరుగు తింటారా అని అడిగింది. గోరువెచ్చటి పాలల్లో రాత్రి తోడేస్తే పొద్దునకు పేరుకుంటుందని చేతులతో, సగం మాటలతో చెప్పాను. నమ్మలేదు. మర్నాడు గిన్నెలో తీసుకుపోయి ఇచ్చాను. ఆ తర్వాత మెట్ల మీద కనిపిస్తే పేరు పెట్టి పిలిచేది.

ఆ రాత్రి ఇదంతా ఒక పేజీ రాశాను. రాస్తుంటే తేలిక పడ్డాను. పగలంతా పరాయి భాషలో మూడేళ్ల పిల్లలా తడబడిన మనిషికి, సొంత భాషలో రాసేటప్పుడు తన వయసు, తన తెలివి తిరిగి దొరుకుతాయి. అందుకే తెలుగులోనే రాయమంటున్నాను. అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో విద్యార్థుల చేత కొన్ని రోజుల పాటు, రోజుకు పావుగంట మనసులో బాధ రాయించాడు. రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువగా వెళ్లారట.

ఈ పద్ధతికి గట్టి సాక్ష్యం మన ఆదిలాబాద్ అడవుల్లోనే ఉంది. వియన్నాలో 1909లో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చింది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గోండుల మధ్య కాపురం పెట్టాడు. గోండీ నేర్చుకున్నాడు. పెళ్లి ఎట్లా చేస్తారు, పొలం ఎట్లా పంచుకుంటారు, దేవుణ్ని ఎట్లా కొలుస్తారు అని అడిగాడు, రాసుకున్నాడు. అక్కడ గోండు టీచర్లను తయారుచేసే శిక్షణ మొదలైంది. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయనకు సర్కారు అండ ఉండేది, నీకు లేదు, నిజమే. కానీ తెలియదని ఒప్పుకొని అడగడానికి ఏ సర్కారు అండా అక్కర్లేదు.

ప్రశ్నకు రెండే షరతులు. తెలుగు రానివాళ్లను అడగాలి. ఫోన్‌లో వెతికితే దొరికేది కాకూడదు. బస్సు ఎన్నింటికి అంటే యాప్ చెప్తుంది. "మీ చిన్నప్పుడు ఈ వీధి ఎట్లా ఉండేది?" అంటే మనిషే చెప్పాలి. రాత్రి పేజీలో ఎవరిని అడిగావు, ఏమన్నారు, వాళ్ల నోట విన్న కొత్త మాట ఒకటి, ఆ క్షణంలో నీకేమనిపించిందో రాయి. ఎవరూ సరిగ్గా జవాబివ్వని రోజులుంటాయి. ముఖం తిప్పుకుని పోయినవాళ్ల గురించీ రాయి. ఆ పేజీలు లేకపోతే పుస్తకం అబద్ధమవుతుంది.

గదిలో నలుగురం తెలుగువాళ్లమే ఉన్నాం కదా, ఇదంతా ఎందుకంటావు. ఆ నలుగురూ లేకపోతే మొదటి నెల గడవదు, వాళ్లను వదులుకోకు. కానీ పొద్దున లేస్తే తెలుగు రీల్స్, రాత్రయితే తెలుగు సినిమా, మధ్యలో క్లాసు. ఇంత దానికి అప్పు చేసి అంత దూరం ఎందుకు పోయినట్టు? మన సిరిసిల్ల నుంచి భీవండి పోయిన నేత కార్మికులు, జగిత్యాల ఊర్ల నుంచి దుబాయి, మస్కట్ పోయిన కూలీలు పనిచోటే మరాఠీ, హిందీ, అరబ్బీ మాటలు పట్టుకున్నారు. వాళ్లకు ఓరియంటేషన్ క్లాసులేమీ లేవు. ఇంజినీరింగ్ చదివిన నీకు నోరెందుకు రాదు? వస్తుంది. మొదటి వారం గొంతు పూడుకుపోతుంది, రెండో వారం వణుకుతుంది, తర్వాత తెరుచుకుంటుంది.

మిగతావి చకచకా చెప్తాను. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి. సరుకులు శనివారమే తెచ్చుకో. చలికాలం మధ్యాహ్నం వెలుతురుండగానే బయట నడువు. గడియారం మారే ముందే ఫోన్ వేళ ఇంట్లో మాట్లాడుకో. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మంచం దిగబుద్ధి కాకపోయినా నోట్‌బుక్ చాలదు, యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి పో. చాలాచోట్ల డబ్బు తీసుకోరు. అమ్మకు నిజం చెప్పు.

మొదటి రోజు ఏమడగాలని మొన్న బాసర ట్రిపుల్ ఐటీలో చదివే ఒక తమ్ముడు అడిగాడు. పక్క గది తలుపు కొట్టి, వంటగదిలో ఏ అరలో నీ గిన్నెలు పెట్టుకోవాలో అడగమన్నాను. పేరు కూడా కనుక్కొని, ఎట్లా పలకాలో మళ్లీ చెప్పించుకొని, పడుకునే ముందు తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకోమన్నాను.